చెవుల్లేని గోడ

నిచ్చెన మీద మూడో మెట్టున ఉన్నాను.
కింద గుమ్మం పక్కన పదిహేడు జతల బుల్లి బూట్లు,
ఒక జతకు కప్పకళ్ళు.
కున్సాన్ రేవు గాలి కిటికీ సందున దూరి
పడుకున్న పిల్లల మీద
ఎండుచేపల వాసన కప్పి పోతోంది.

చట్టం వచ్చిన ఏడు అది.
వాడవాడకూ తిరిగి
పసిపిల్లల బడులకు కెమెరాలు బిగించాను.
గదికొకటి, జారుడుబల్లకొకటి, వంటింటి గుమ్మానికొకటి.
పెట్టెకు అరవై రోజుల జ్ఞాపకం ఉండాలన్నారు.
అరవై ఒకటో రోజు వచ్చి
మొదటి రోజును మింగేస్తుంది.

గోడలకు చెవులుంటాయంటారు.
నేను కళ్ళు పెట్టాను.
చెవులు మాత్రం చట్టం వద్దంది.

"స్నానాల గదిలో?" అని అడిగింది పంతులమ్మ.
"అక్కడ పెట్టకూడదు."
"హమ్మయ్య, ఏడవడానికి ఒక చోటు మిగిలింది"
అని నవ్వింది.
నవ్విందనే అనుకున్నాను.
పోక్ యొంగ్‌నాన్ ఆమె పేరు. ఇరవై రెండేళ్ళ కొలువు,
రెండు మోకాళ్ళకూ పట్టీలు.

ఒక పిల్ల నిద్రలేచి, నిచ్చెన పట్టుకుని
"అది ఏం తింటుంది?" అంది.
మిమ్మల్నే అనబోయి నాలిక కరుచుకున్నాను.
"వెలుతురు" అన్నాను.

*

ఆకులు రాలే కాలంలో ఫోను.
హన్‌గ్యొల్ అనే మూడేళ్ళవాడి జబ్బ మీద
రేగుపండంత కమిలిన మచ్చ.
తల్లి తక్ మిరాన్, చేపల ఫ్యాక్టరీ బట్టల్లోనే వచ్చింది.
పంతులమ్మ, బడి పెద్దమ్మ, మీటలు తెలిసినవాణ్ణని నేను,
ఒక్క తెర ముందు నలుగురం.

మంగళవారాన్ని పరిగెత్తించాను.
బెల్లం చుట్టూ చీమల్లా పిల్లలు.
పంతులమ్మ వంగడం, లేవడం, వంగడం.
పది గంటల నలభైకి హన్‌గ్యొల్
అలమర వెనక్కి వెళ్ళాడు.
నేను బిగించిన రోజు ఆ అలమర అక్కడ లేదు.
ఆమే వెళ్ళింది వెనకాలే.
పదకొండు సెకన్లు తెర మీద అలమర ఒక్కటే ఉంది,
దాని మీద ఒక కాగితపు చేప.

తర్వాత వాణ్ణి చంకనేసుకుని వచ్చింది.
వాడి నోరు బావిలా తెరుచుకుని ఉంది.
ఆమె పెదవులు కదులుతున్నాయి.

"ఏమంటున్నారు వాడితో?"
పోక్ యొంగ్‌నాన్ తెరకేసి చాలాసేపు చూసింది,
అక్కడున్నది ఎవరో అన్నట్టు.
"రోజుకు నూరుసార్లు ఏదో ఒకటి అంటాను.
గుర్తులేదమ్మా."

నా ఎడమ చెవి ఏడో ఏట పోయింది.
ఎవరి చెయ్యో ఇంట్లో చెప్పలేదు.
ఆ మధ్యాహ్నాన్ని దాచిన పెట్టె ఎక్కడా లేదు.
కెమెరాలు ఉండాలా అని ఎవరడిగినా
ఉండాలనే అంటాను.
నా కూడు అదే కాబట్టి అనుకుంటారు. అనుకోనీ.

"వెనక్కి తిప్పండి" అంది మిరాన్.
అలమర దగ్గరికి కాదు, ఇంకా వెనక్కి, పొద్దున్నకు.
ఏడుంబావు. గుమ్మంలో ఆమే.
బిడ్డను దించింది, గడియారం చూసుకుంది, వెళ్ళిపోయింది.
వాడు ఒక కప్పబూటు చేత్తో పట్టుకుని
మూసిన తలుపు ముందు నిలబడ్డాడు.
వేగం పెంచబోతే నా చెయ్యి పట్టుకుంది.
పంతొమ్మిది నిమిషాలు
పంతొమ్మిది నిమిషాలుగానే చూసింది.
మధ్యలో పంతులమ్మ వచ్చి వాడి పక్కన చతికిలబడి
రెండో బూటు తన చేత్తో పట్టుకుంది.
ఆ మచ్చ సంగతి ఎవరూ ఎత్తలేదు ఇక.
తేలనూ లేదు.

*

అలమర జరిపించాను. కంటిని నాలుగు వేళ్ళు తిప్పాను.
బిల్లులో రాశాను: కోణం సవరణ, ఒకటి.

వెళ్ళేముందు సరిగ్గా ఎక్కుతోందో లేదోనని
నిన్నటి సాయంత్రం వేసి చూశాను.
ఆఖరి పిల్ల తాత వీపెక్కి వెళ్ళిపోయింది.
పోక్ యొంగ్‌నాన్ చాపలు చుట్టింది,
మోకాలు నొక్కుకుంది,
స్విచ్చి మీద చెయ్యి వేసి, తలెత్తి
నేరుగా ఇటు చూసి
ఒక్క మాట అంది.

తిన్నావా అనో,
చూశావా అనో.

చీకటి.