వెన్న కరగకూడదు

ఫోన్లో ఆవిడ ఉండే ఊళ్ళో
కిటికీ అవతల మంచు పడుతోంది.
"చేతులు చల్లగా ఉంచుకోండి" అంటోంది.
గుంటూరులో, మే నెలలో,
కుళాయి తిప్పితే నేరుగా టీ పెట్టుకోవచ్చు.

స్కోన్ అట దాని పేరు.
పావుకిలో మైదాలో చల్లటి వెన్న ముక్కలు వేసి
వేలి కొసలతో నలపాలి, అరచెయ్యి తగలకూడదు.
బఠాణీ గింజలంత మిగలాలి.
ఆ గింజలే వేడికి ఆవిరై
పొరకీ పొరకీ మధ్య గది కట్టుకుంటాయట.

మూడుసార్లు చేశాను.
మూడుసార్లూ వెన్న నాకంటే ముందే చేతులెత్తేసింది.
మొదటి వాయి పలకలు:
తమ్ముడు యోనా బల్ల మీద కొట్టి చప్పుడు విన్నాడు.
రెండోది అమ్మ పాలల్లో నానబెట్టుకుని
మాట్లాడకుండా తినేసింది.
మూడోదాన్ని వీధి కుక్క వాసన చూసి
మర్యాదగా వెళ్ళిపోయింది.

వెన్నలాంటి మనసు అంటాం కదా,
ఇట్టే కరిగేదాన్ని మెచ్చుకుంటూ పెరిగినదాన్ని.
కరగని వెన్న కోసం తిరగడం నాకే వింతగా ఉంది.
పిండిని ఎంత మర్దిస్తే అంత మెత్తన
అని నేర్పింది అమ్మ.
ఇదేమో ముట్టుకున్నకొద్దీ బిగుసుకుంటుంది,
మా పెద్దత్తయ్యలాగా.

నేను మిర్చియార్డు దాటాక
ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను.
బయట నలభై ఆరు. మూడో గదిలో ఆరు.
ఊరు మొత్తానికి చలికాలం ఎక్కడైనా మిగిలి ఉంటే
అక్కడే, ఎండుమిర్చి టిక్కీల మధ్య.

శనివారం గిన్నె, మైదా, వెన్న సంచిలో వేసుకుని వెళ్ళాను.
నాగుల్ మీరా బాబాయ్ తలుపు తీస్తూ
"లోపలికేంటమ్మా, టిఫినా?" అన్నాడు.
"చల్లటి చేతుల కోసం" అన్నాను.
ఇంకేం అడగాలో ఆయనకి తోచలేదు.

చున్నీ తలకి చుట్టుకుని
బస్తా మీద గిన్నె పెట్టుకుని నలిపాను.
కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు.
తుమ్మొచ్చినప్పుడల్లా
గోడవైపు తిరిగి తుమ్మి, మళ్ళీ వచ్చి నలిపాను.
వెన్న నలిగింది. కరగలేదు.
తెల్లగా, మొండిగా, గింజలు గింజలుగా ఉండిపోయింది.
పుల్లమజ్జిగ పోసి, కలిపీ కలపనట్టు కలిపి,
తట్టి, మడిచి, తట్టి, మడిచి,
డబ్బా అక్కడే ఓ మూల దాచాను.

బయటికొచ్చేసరికి షెడ్డులో
తొడిమలు తీసేవాళ్ళు అన్నాలకి లేచారు.
రోశమ్మ రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నడుస్తోంది,
దేన్నీ తాకకుండా,
అప్పుడే గోరింటాకు పెట్టించుకున్న పిల్లలాగా.
"వెన్నుందంటగా పాపా,
కాస్త పెట్టు, ఏళ్ళు మండిపోతన్నయ్."

పైన పూయడానికని దాచుకున్న ముక్క ఒకటుంది.
అరచేతిలో పెట్టానో లేదో,
పొద్దున్నుంచీ నేను కాపాడిన చలి అంతా
నూనె అయిపోయి, వేళ్ళ సందుల్లోంచి జారి
గాజుల దాకా పోయింది.
ఆమె కళ్ళు మూసుకుంది.
నేనేం అనలేదు.
కరగనీ.

సాయంత్రం, ఐసుగడ్డల మధ్య డబ్బాతో
స్కూటీ మీద ఇల్లు చేరి, చిన్న ఓవెన్లో పెట్టాను.
కరెంటు పోతుందేమోనని అమ్మ
దాని ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది,
తను చూస్తుంటే పోదన్నట్టు.
అవి లేచాయి.
టిక్కీ మోసే హమాలీలా ఓ పక్కకి ఒరిగి,
అయినా లేచాయి.
విడదీస్తే పొర, పొర కింద ఇంకో పొర.
"తీపి మర్చిపోయిన మడతకాజా" అన్నాడు యోనా.
మూడు తిన్నాడు.

సోమవారం నాగుల్ మీరా బాబాయ్ ఒకటి కొరికి
"ఇందులో కారం ఏశావా?" అన్నాడు.
వెయ్యలేదు.
మూడో గది గాలి వెన్నకి పట్టినట్టుంది.
రోశమ్మ రెండు తీసుకుని కొంగున కట్టుకుంది.
ఎలా ఉన్నాయో ఇంకా చెప్పలేదు.

ఆ శనివారం పేజీ అడుగున
పెన్సిలుతో రాసుకున్నాను:
గది మూడు. వెన్న, నూటయాభై గ్రాములు, లోపలికి.
బయటికి ఎంత వచ్చిందో
తూకం వెయ్యలేదు.