అద్దంలో నక్షత్రం

వాల్తేరు మెరక మీద సైకాలజీ ల్యాబు.
ముప్పై ఒక్క ఏళ్లుగా దాని తాళంచెవి నా మొలతాడుకే.
పేరు అప్పలసూరి. అటెండర్ని.
పిల్లల రికార్డుల్లో మాత్రం
సబ్జెక్ట్ నంబర్ ఒకటి.

జూలైలో కొత్తవాళ్లు వస్తారు,
తడిసిన గొడుగులు స్టాప్‌వాచీల బీరువాకి ఆనించి.
"మనసు చదవడం ఎప్పుడు నేర్పుతారు?" అని
గుసగుసగా నన్నే అడుగుతారు.
మేడమ్ మాట్లాడకుండా బల్ల మీద అద్దం నిలబెడుతుంది.
అద్దం ముందు కాగితం మీద నక్షత్రం,
చెయ్యి కనపడకుండా రేకు తెర.
అద్దంలోకే చూస్తూ గీత దాటకుండా గీయాలి.
పైకి పోదామంటే పెన్సిలు కిందికి దిగుతుంది.
"ముందెవరు?" అంటే అందరూ చెప్పుల వంక చూసుకుంటారు.
"సూరీ, నువ్వు కూర్చో."

మొదటి ఏడాది నలభై తప్పులు.
ఇప్పుడు ఒక్కటీ రాదు.
"ఇతను చెడిపోయిన సబ్జెక్టు" అంది మేడమ్ నవ్వుతూ.
"నేర్చేసుకున్నవాడి మీద
నేర్చుకోవడాన్ని కొలవలేం."
చెడిపోయానట అని ఇంట్లో చెప్తే
"ఇన్నాళ్లకి తెలిసిందా వాళ్లకి" అంది మా ఆవిడ.

తలుపు దగ్గర స్టూలు మీద విన్నదే నా చదువు.
తెల్లారి బీచ్‌రోడ్డులో నడిచేవాళ్లని అడిగి
విశాఖ జనం హాయిగా ఉన్నారని రాసుకొచ్చాడొకడు.
"నైట్ షిఫ్టు దిగి గాజువాక బస్సులో
తల వాల్చేసినవాణ్ణి ఎవరడిగారు?" అంది మేడమ్.
మొక్కజొన్న పొత్తులు బాగా అమ్ముడైన రోజుల్లో
బీచిలో జంటలు ఎక్కువ పోట్లాడుకుంటున్నాయని,
కాబట్టి పొత్తులే కారణమని తేల్చాడు ఇంకొకడు.
"ఆ రోజుల్లో వాన పడిందా?"
వాడు తల గోక్కున్నాడు. రాసుకోలేదు.
పొత్తులకీ వానే,
ఒక్క గొడుగు కింద ఇద్దరి గొడవకీ వానే.

ఈ ఏడు ఒక పిల్ల వచ్చింది.
వాసుపల్లి నూకరత్నం, పెదజాలారిపేట.
"నాన్న వేటకెళ్తే నీకెంత బెంగమ్మా,
ఒకటి నుంచి అయిదు లోపు చెప్పు" అని
వాళ్లమ్మనే అడిగిందట.
"ఏ గంటకే?" అందట తల్లి.
"బోటు కనపడకముందా, కనపడ్డాకా?"
క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు.
ఆ మాట బోర్డు మీద రాసి
వారం దాకా నన్ను తుడవనివ్వలేదు.

నిన్న ఆ పిల్ల ప్రయోగం.
అలవాటుగా నేనే కూర్చున్నాను.
ఓ కాగితం ముందు పెట్టింది.
"సంతకం ఎక్కడమ్మా?"
"ముందు వినండి మావయ్యా."
నెమ్మదిగా, తెలుగులో చదివింది.
ఏం చేయించేదీ, ఎంతసేపు పట్టేదీ,
నా పేరు ఎక్కడా రానివ్వననీ.
"ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు.
ఎందుకని ఎవరూ అడగరు."

ఈ మాట పాత కాగితాల్లోనూ ఉందేమో.
నాకు ఇంగ్లీషు రాదు.

నక్షత్రం మూడో కొమ్ము దగ్గర
పెన్సిలు పెట్టేసి లేచాను.
కిటికీ దాకా వెళ్లాను.
డాల్ఫిన్ నోస్ మీద మబ్బు.
హార్బరు బయట నాలుగు ఓడలు
లంగరేసుకుని, పిలుపు కోసం చూస్తూ.
వెనక స్టాప్‌వాచీ టిక్కుటిక్కుమంటూనే ఉంది.
ఆ పిల్ల పిలవలేదు.
నాకే అనిపించి, వచ్చి కూర్చున్నాను.
ఏమైందో మరి, ఏడు తప్పులు వచ్చాయి.

సాయంత్రం బల్లలు తుడుస్తుంటే
తన రికార్డు తెరిచే ఉంది.
తప్పులు: ఏడు. కొట్టివేతలు లేవు.
కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం.
"సబ్జెక్టు లేచి, కిటికీ దగ్గర నాలుగు నిమిషాలు నిలబడ్డారు."
ఎందుకో రాయలేదు.
తనకి తెలీదు కదా మరి.

ఫ్యాను ఆపి, తాళం వేశాను.