ప్రయాణ కారణం

కాలేజీ వాళ్లిచ్చిన కాగితంలో మూడు గళ్లు:
చదువు, సేవ, అన్వేషణ.
ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టమంది ఆఫీసులో అమ్మాయి.
ముప్పై ఒక్కేళ్లుగా ఆ నేలమాళిగలో
బాయిలర్ కాచుకుంటున్నవాణ్ణి,
మెయిన్ రాష్ట్రం దాటి బోస్టన్‌కి రెండేసార్లు వెళ్లినవాణ్ణి,
ఎందులో పెట్టను?
పక్కన ఖాళీలో రాశాను: పైపులు అతకడానికి.

జులైలో చలికాలం ఉంటుందని అక్కడికెళ్లాకే తెలిసింది.
లెసోతో కొండల్లో హా లెఖోవెలె అనే ఊరు.
రాతి గోడల గుండ్రటి ఇళ్లు,
దుప్పట్లు భుజానికి పిన్ను పెట్టుకున్న మనుషులు,
చలికి బొచ్చు పెంచుకున్న పొట్టి గుర్రాలు.
మాలో పన్నెండుమంది పిల్లలు,
నీటి లెక్కల ప్రొఫెసర్ హాల్వర్సన్,
రోమా యూనివర్సిటీ నుంచి మాట అందించడానికొచ్చిన కెకెత్సో,
చివర నా స్పానర్ల సంచి, దాని వెనక నేను.

ఎనిమిది రోజులు తవ్వాం.
ఊరి ఆడవాళ్లు మాకంటే ముందు తవ్వేసి
గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూసి నవ్వారు.
వెస్లిన్ అనే కుర్రాడు ఆ నవ్వుని కూడా
నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకున్నాడు.
పై ఊట నుంచి కింద బడి దాకా నల్ల గొట్టం.

తొమ్మిదో రోజు కుళాయి తిప్పితే
ఒక దగ్గు.
అంతే.
ప్రొఫెసర్ లెక్క మళ్లీ వేసింది. లెక్క తప్పలేదు.
నీళ్లే రాలేదు.
ఊరి పెద్ద ఏమైందని అడిగితే
నమలడానికి కూడా మా దగ్గర నీళ్లు లేవు.

అప్పుడొచ్చింది మ్మె మఖౌహెలో.
డెబ్భై దాటిన మనిషి. ఎవరినీ ఏమీ అడగలేదు.
బోర్లా వంగి గొట్టానికి చెవి ఆనించింది.
నాలుగడుగులు నడిచింది. మళ్లీ ఆనించింది.

నేను నిలబడిపోయాను.
రోజూ తెల్లవారుజామున నేను చేసే పని అది.
స్క్రూడ్రైవర్ మొన గొట్టం మీద, పిడి చెవిలో.
చూస్తే నవ్వుతారని తలుపు వేసుకుని చేస్తాను.

స్క్రూడ్రైవర్ తీసి నేనూ మోకాళ్ల మీద పడ్డాను.
ఆమె పైనుంచి, నేను కిందనుంచి
ఒక బండ దగ్గర ఎదురుపడ్డాం.
అక్కడ గొట్టం పిల్లి వీపులా లేచి ఉంది.
లోపల గాలి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.
బిగింపు ఒక చుట్టు వదులు చేశాను.
ఉస్సుమంది. చాలాసేపు ఉస్సుమంది.
తర్వాత నా మొహం నిండా, ఆమె దుప్పటి నిండా
పళ్లు జివ్వుమనే చన్నీళ్లు.
పులా! అని ఎవరో అరిచారు.
పులా అంటే వాన, సంతోషమొచ్చినా అదే మాట, అంది కెకెత్సో.

ఎలా నేర్చావని అడిగించాను.
భర్త బంగారు గనుల నుంచి సెలవుకి వచ్చినప్పుడల్లా చెప్పేవాడట:
రాయి పడేముందు మాట్లాడుతుంది, చెవి పెట్టు అని.
ఒకసారి ఆయనకి వినపడలేదు.
ఆ చివరి మాట చెప్పి కెకెత్సో
చాలాసేపు తన బూట్లవైపే చూసింది.

ఆ రాత్రి నాకో పేరు పెట్టారు: మొయెతి. అతిథి అని.
అదే వారం పుట్టిన పసివాడికీ అదే పెట్టారు.
నువ్వెలాగూ వెళ్లిపోతావు కదా,
పేరు పట్టుకుని ఒకడుండాలి, అంది ముసలామె.

తిరిగొచ్చాక హాల్లో ఫొటోల సభ.
పిల్లలు బాగా మాట్లాడారు. వెస్లిన్ ఏడ్చాడు కూడా.
నన్ను లేవమంటే, హీటింగ్ చూసుకోవాలని కిందికి వచ్చేశాను.
అబద్ధం కాదు. అక్టోబర్ అది.

మరుసటి జూన్‌లో కెకెత్సో మెసేజ్:
మంచుకి గొట్టం చిట్లింది, వాళ్లే అతుక్కున్నారు.
మీరు మర్చిపోయిన పెద్ద స్పానర్
మ్మె మఖౌహెలో తలగడ కింద ఉంది, పంపమంటారా?
మర్చిపోలేదని టైపు చేసి, చెరిపేసి,
ఉంచుకోమన్నాను.

స్టోరు రిజిస్టర్‌లో ఒక గడి ఉంది:
వస్తువు కనిపించకపోవడానికి కారణం.
పైచదువులకి వెళ్లింది అని రాసి
సంతకం పెట్టాను.