ఉకార సంధి

జూన్‌లో చిత్తూరంతా తోతాపురి వాసన.
మా గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి బైపాసు దాకా
లారీలు, ట్రాక్టర్లు,
వాటి నీడన గోతాలేసుకుని రైతులు.

డబ్బాలు నింపే మిషను మొరాయిస్తే
ఫ్రాన్సు నుంచి బాస్తియాఁ వచ్చాడు.
"ల్యాబులో నువ్వే కదమ్మా
ఫోన్లో ఫ్రెంచి నేర్చుకునేది,
టీ టైములో ఏదో ఒకటి మాట్లాడు" అన్నాడు మేనేజరు.

రాత్రంతా బట్టీ పట్టాను.
పొద్దున గ్లాసు చేతికిచ్చి
పెళ్లిపత్రిక చదివినట్టు చదివాను:
"కెల్ సోఁ వో లువాజీర్?"
తమరి అభిరుచులు ఎవ్వి?

టీ పొలమారింది అతనికి.
మా అవ్వ కూడా అట్లా అడగదు, అన్నాడు.
తోటివాణ్ని అడిగేది ఇట్లా:
"తేమ్ ఫేర్ క్వా?"
తు, ఏమ్. నువ్వు, ఇష్టపడతావు.
నడుమ ఉన్న ఉత్తును మింగేస్తారట.

ఉత్తుకు అచ్చు ఎదురైతే సంధి తప్పదని
గుణశేఖరయ్య సారు బెత్తం ఆడిస్తూ చెప్పింది
ఇన్నేళ్లకు, గుజ్జు వాసనలో, గుర్తొచ్చింది.
వాళ్లకూ ఉందన్నమాట.
మనం మాత్రం తక్కువ తిన్నామా,
"ఏమి చేస్తూ ఉన్నావు"ను
ఏంజేస్తాండావ్ అని ఒక్క గుక్కలో తాగేస్తాం.

తేమ్ ఫేర్ క్వా, అన్నాను మళ్లీ.
పాత రేడియోలు కొని విప్పుతాడట.
మళ్లీ బిగించడం?
"అప్పుడప్పుడు" అని చెయ్యి అటూ ఇటూ ఊపాడు.
ఇద్దరం మా మిషను వైపు చూశాం.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ఎ త్వా?" మరి నువ్వు?

ఫోను నేర్పిన జవాబులున్నాయి:
మంచు మీద జారతాను,
గుర్రమెక్కుతాను, వయొలిన్ వాయిస్తాను.
ఒక్కటీ నాది కాదు.
గుజ్జులో చక్కెర చూస్తాను, పులుపు చూస్తాను,
కిటికీ సీటు దొరికినా నిద్రపోతాను.
పొద్దుపోకకు ఏం చేస్తావని
ఇరవయ్యారేళ్లలో ఎవరడిగారు గనక?
పొద్దు దానంతటదే పోయింది.

తెలియదు అనే మాటను కూడా
వాళ్లు నమిలి నమిలి ఇంతే మిగిల్చారు:
"షేపా."
అదే అన్నాను.

బెల్టు దగ్గర కాయలేరుతున్న కుప్పమ్మక్క తలెత్తింది.
"చేపలా? నువ్వు చేపలు పడతావామే?
చెప్పనే లేదే ఇన్నాళ్లూ!"

కాదక్కా అనబోయి
పొద్దుపోకుంటే నువ్వేం చేస్తావక్కా అన్నాను.
చెయ్యి ఆపలేదు. మెత్తబడిన కాయొకటి పక్కకు తోసి
"లారీ నంబర్లు కూడుకుంటా.
ఏడొస్తే మంచిది. పొద్దున్నించి నాలుగొచ్చినాయి.
ఎవురికీ చెప్పబాక" అంది.

చెప్పేశాను.
కూడికకు ఫ్రెంచిలో మాట తెలియక
వేళ్లు మడిచి చూపించాను.
అతను గేటు వైపు తిరిగి
ముందున్న ట్రాక్టరు నంబరు చూస్తూ
పెదాలు కదపడం మొదలుపెట్టాడు.

"ఆదివారం కట్టమంచి చెరువుకు పోదాం"
కుప్పమ్మక్క ఇంకా వదల్లేదు.
"మా మరిది కాడ గాలం ఉండాది.
ఎర నువ్వు తెచ్చుకో."

ఎరంటే ఏం తేవాలి?
షేపా.