తాడు ఇవతలి కొస

ఒకసారి గుంజితే: బాగానే ఉన్నాను.
రెండుసార్లు: తాడు వదులు చెయ్యి.
మూడుసార్లు: పైకి లాగు.
ఇరవై ఆరేళ్లు మా ఇద్దరి మధ్యా నడిచిన భాష
ఇంతకంటే పెద్దది కాదు.

నేను పివ్కా స్టేషన్లో రైళ్లకు పట్టాలు మార్చేవాణ్ణి.
ఆదివారాలు ఖాళీ.
డాక్టర్ జ్దెంకా మ్లేకుష్‌కి తాడు పట్టే మనిషి కావాలన్నారు.
నా ముఖం చూడలేదు, అరచేతులు తిప్పి చూసి
సరే, రేపు ఐదింటికి, అంది.
కూలి: ఫ్లాస్కులో సగం కాఫీ,
అక్రోట్లు పెట్టి చుట్టిన రొట్టె ఒక ముక్క.

అప్పటిదాకా ఆమె పాముల మనిషి.
రాతిగోడల మీద ఎండ కాగే కొమ్ముముక్కు పాముల్ని
గుడ్డసంచిలో తూచి, పొలుసులు లెక్కపెట్టి,
ఎక్కడ పట్టిందో అక్కడే వదిలేది.
మార్చి వానల్లో తారురోడ్డు దాటే గోదురుకప్పల్ని
బకెట్లకెత్తి అవతలి గట్టుకు చేర్చేది.
పచారీకొట్టు త్రాసు అరువు తెచ్చి తూచబోతే
ఒకదాన్ని పెట్టేలోపు రెండు దూకేవట.
కప్పల తక్కెడ అన్నమాట ఊరికే పుట్టలేదు.
ఆమె ఎడమ బొటనవేలికి స్పర్శ లేదు.
ఏ పాము కరిచిందంటే
తప్పు నాది, అనేది.
పాము పేరు మాత్రం చెప్పేది కాదు.

తర్వాత గుహలోకి దిగింది.
సున్నపురాయి కొండ కడుపులో, నల్లటి నీళ్లలో
కళ్లు లేని జీవాలు.
జానెడు పొడుగు, మీగడ రంగు,
మెడకు రెండు పక్కలా ఎర్రకుచ్చుల మొప్పలు.
మావాళ్లు మనిషిచేప అంటారు, చర్మం మన చర్మంలా ఉంటుందని.
వరదకు ఊటలోంచి కొట్టుకొస్తే
డ్రాగన్ పిల్లలనుకునేది మా అమ్మమ్మ,
తల్లి వెతుక్కుంటూ వస్తుందని
ఆ రాత్రి గడియ రెండుసార్లు చూసేది.

మంచులాంటి నీళ్లు.
ఒక్కోదానికి తోక దగ్గర రంగుచుక్క, ఒక నెంబరు.
ఎక్కడుంది, ఎంత కదిలింది, అంతే ప్రశ్న.
ముప్పైనాలుగో నెంబరు పేజీ నేను చూశాను:
అదే రాయి.
అదే రాయి.
పెన్ను సిరా మారింది, జెండా మారింది,
జేబులో నోట్ల మీది బొమ్మలు మారాయి.
అదే రాయి.

ల్యుబ్లియానా నుంచి కమిటీ వచ్చింది.
బూట్లకు బురద అంటకుండా నిలబడి ఒకాయన అడిగాడు,
ఏడేళ్లలో ఏం కనిపెట్టారు?
కదల్లేదని, అంది.
ఆ ఏడు నిధులు రాలేదు.
కారు అమ్మి కొత్త తాడు కొంది.
నా మోపెడ్ వెనక, గాలి సిలిండర్ని
చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూచునేది.

ఒక నవంబరు ఆదివారం
తాడు వణికింది.
ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు,
మా భాషలో లేని మాట.
లాగాలో వద్దో తెలీక
మోకాళ్లు రాతికి తన్నిపెట్టి అలాగే ఉండిపోయాను.
చాలాసేపటికి మూడుసార్లు.
పైకొచ్చి మాస్కు తీసి
నోటుబుక్కులో రాసింది: రాయి ఉంది. అది లేదు.
ఏడ్చిందా, నవ్విందా, చలికి వణికిందా
నేను అడగలేదు.
కాఫీ చల్లారిందా, స్రెచ్కో, అని తను అడిగింది.
చల్లారింది. తాగాం.

ఇప్పుడు చెవిలో పొర చిరిగిందని
డాక్టర్లు నీళ్లు వద్దన్నారు.
లుచ్కా దిగుతోంది, ఇరవైమూడేళ్ల పిల్ల,
ఆమె బూట్లే వేసుకుని, ముందు గుడ్డ కుక్కుకుని.
జ్దెంకా మొదటిసారి నా పక్కన గుహ అంచున కూచుంది.
చెయ్యి తాడు మీద వేసింది,
స్పర్శ లేని వేలు తప్ప మిగతా నాలుగూ.
పావుగంట. అరగంట.
పైకప్పు నుంచి చుక్క పడుతోంది, దాన్ని వింటోంది.
ఇంతసేపా? అంది.
ఇన్నేళ్లూ ఇక్కడ ఏం చేసేవాడివి?
కదల్లేదు, అన్నాను.

కింద నుంచి ఒక్కసారి గుంజింది లుచ్కా.
ఈవిడ ఉలిక్కిపడి నా వైపు తిరిగింది,
అర్థం చెప్పమన్నట్టు.