ప్రతివాది

మొదటి కేసులోనే జడ్జిగారు నవ్వారు.
"ప్రతివాది ఎవరమ్మా?"
గుర్రపుడెక్క, అన్నాను.
నల్లకోటు కింద చెమట. టెక్కలి కోర్టు ఫ్యాను
తిరగాలా వద్దా అని ఆలోచిస్తోంది.
ఊదారంగు పువ్వుకి సమన్లు ఏ చిరునామాకి పంపను?
చివరికి నీటిపారుదల శాఖ మీద వేశాం.
శాఖ జవాబు దాఖలు చేసేలోగా
బీల మరో పదెకరాలు మూసుకుపోయింది.

ఇరవై ఆరేళ్ళు.
గవరయ్య ఫైళ్ళకి కట్టిన ఎర్రదారంతో
వంశధార వెడల్పు కొలవొచ్చు.
వాయిదాకీ వాయిదాకీ మధ్య
మొక్క పిలకలు పెడుతుంది,
చట్టం సెలవులు పెడుతుంది.

నిషేధించిన క్యాట్‌ఫిష్‌ని డ్రమ్ములో సాక్ష్యంగా తెచ్చిన రోజు
అది వరండాలో ఎగిరి
బెంచి గుమాస్తా చెప్పుల మీద పడింది.
నా వృత్తిలో నేను విన్న అతి సూటి వాంగ్మూలం అదే.

నిక్కచ్చిగా గెలిచింది ఒకటే, సర్కారు తుమ్మ కేసు.
ఉప్పుమడుల గట్టున ఉన్నదంతా
వేళ్ళతో సహా తీయమని తీర్పు.
కాపీ పట్టుకుని బయటికొస్తే
మెట్ల మీద అసిరమ్మ,
అరచేతి గీతల్లో బొగ్గు.

"ఆ ముళ్ళే మా పొయ్యమ్మా.
సర్కారోడే ఇత్తనాలు జల్లినాడని మా తాత సెప్పీవోడు.
ఇప్పుడు సర్కారోడే పీకేత్తాడు.
నడమ మేం ఏటి తినాల?
ఆ కాయితంలో ఉందేటి?"

నూట పద్నాలుగు పేజీలు.
నేనే రాయించిన అనుబంధాలు, ఉపగ్రహ పటాలు.
బొగ్గు మాట ఒక్కచోట ఉంది:
స్థానిక వినియోగం, స్వల్పం.

ఆ స్వల్పం మెట్ల మీద కూర్చుని
చుట్ట అడ్డపొగ పెట్టుకుంది,
నిప్పు నోటి లోపలికి.

నెల తిరక్కుండా సవరణ పిటిషను వేశాను.
నరికే పని ముందు వాళ్ళకే ఇవ్వాలని,
బట్టీలు అయిదేళ్ళు ఉండనివ్వాలని.
గెలిచిన కేసు మీద మళ్ళీ పడేవాళ్ళుంటారా
అని అవతలి వకీలు నా కాఫీకి కూడా డబ్బులిచ్చాడు, జాలిపడి.

ఈ ఉదయం బీల వైపు వెళ్ళాను.
మొద్దు తవ్విన గోతి అంచున ఉప్పుకూర,
గుప్పెడంత, ఎవరూ నాటనిది.
దాన్ని ఆనుకునే
రెండాకులతో తుమ్మ.
ఇంకా ముల్లు రాలేదు.

పీకుదామని వంగాను.
గట్టు అవతల అసిరమ్మ బట్టీ పొగ
నిటారుగా లేస్తోంది, గాలి లేదు.

నడుం పట్టేసింది. అలాగే వంగి
గవరయ్యకి ఫోను చేశాను,
వాయిదా ఎప్పుడూ, అని.