యాభై ఎనిమిది గ్రాములు

మూడు వేసవులు
జీడితోటలో బోర్లా పడుకున్నాను.
మోచేతుల కింద ఎండుటాకులు,
మెడ మీద గండుచీమలు,
కంటికి అతుక్కుపోయిన పాత కెమెరా.
పూర్ణామార్కెట్ వెనక ఓ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ దగ్గర
ఏడు వాయిదాల్లో కొన్నది.
లెన్సు మూలన కాస్త బూజు,
తీసిన ప్రతి బొమ్మలో ఒకే చోట మచ్చ.

ఆనందపురం దాటి, పూల సంత దాటి
గోస్తనికి ఇవతల మట్టిదారి.
తోట కాపలా గొర్లె అసిరయ్య
నా స్కూటరు చప్పుడుకే నవ్వేవాడు.
"మల్లొచ్చీసినావేటమ్మా?
ఆకు మీద ఆకు పడితే ఇనబడాల.
అంతసేపు నోరు మూసుకుని కూకోగల్వా?"

కూర్చున్నాను.
ముంగిస వచ్చింది, చూసింది, పోయింది.
పక్క తోటవాళ్ళ మేకలు వచ్చాయి.
ఒక సాయంత్రం, వెలుగు ఇంగువ పలుకంత మిగిలినప్పుడు
రెండు ముక్కల ఈల,
ఒకటి పైకి, ఒకటి కిందికి,
బావి గిలక సగం తిరిగి ఆగినట్టు.
అటు తిరిగేసరికి
అన్నీ జీడిచెట్లే.

అసిరయ్య చిన్నప్పుడు ఉచ్చులు పన్నేవాడట,
గుర్రం తోక వెంట్రుకలతో.
"అప్పుడు నాకు కూర, ఇప్పుడు నీకు బొమ్మ.
దానికేటి తెలుస్తాది తేడా?"
జవాబు వెతుక్కుంటూ అతనిచ్చిన టీ తాగేశాను.

ఈ ఏడు మే నెల. సముద్రంలో వాయుగుండం.
పెద్దాసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ.
నాలుగున్నరకి కిటికీ అద్దాన్ని
ఎవరో అరచేత్తో కొట్టినట్టు,
ఒక్కసారే.

సన్‌షేడ్ మీద పడి ఉంది.
ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం అతుకు,
కంటి మీదుగా మెడదాకా సాగిన కాటుక,
తోక కింద
కుంకుమ పొట్లం జారి విప్పుకున్నంత ఎరుపు.
మూడేళ్ళు నేను వెతికితే
ఇవాళ అదే నన్ను వెతుక్కుంటూ...
అనుకోబోయి ఆగాను.
అది నా కోసం రాలేదు.
మా ట్యూబులైటు కోసం వచ్చింది.

కెమెరా ఇంట్లో ఉంది.
వేలమంది నెత్తురు తీసిన చేతులు,
పసివాళ్ళ నరం దొరక్కపోయినా వణకనివి,
దాని గుండె తగిలి వణికాయి.
మడత పెట్టిన గాజుగుడ్డలో చుట్టి
మందులు తూచే త్రాసు మీద పెట్టాను.
యాభై ఎనిమిది గ్రాములు.
రిజిస్టరు తెరిచాను అలవాటుగా.
వయసు తెలియదు. ఊరు తెలియదు.
పేరు గడిలో 'పిట్ట' అని రాసి,
డాక్టర్ విశాలాక్షి గారు చూస్తారని
అడ్డంగా కొట్టేశాను.

గ్లవ్స్ అట్టపెట్టెకి చిల్లులు పొడిచి
స్కూటరు మీద కాళ్ళ మధ్య పెట్టుకుని
హనుమంతవాక, మధురవాడ, కొమ్మాది,
ప్రతి గతుకు దగ్గరా దానికి సారీ చెబుతూ వెళ్ళాను.
దారిలో ఇంటి దగ్గర ఆగి
కెమెరా తీసుకున్నాను. అబద్ధమెందుకు?

"పెట్టి నేల మీదెట్టీ.
నువ్వు అల్లక్కడ కూకో" అన్నాడు అసిరయ్య.
మూత తీసి, పక్కకి వాల్చి,
తనూ వెనక్కి జరిగాడు.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక గెంతు. ఇంకో గెంతు.
ముక్కుతో ఒక ఆకు తిరగేసింది,
దేన్నో మింగింది,
లేదు.

పదకొండు సార్లు నొక్కాను.
పదింట్లో ఆకులు.
పదకొండోదానిలో కుడి అంచున
వేలిగోరంత కుంకుమ,
సగం మీద బూజు మచ్చ.

"దీనికెంతిస్తారు?"
"ఎవరూ ఇవ్వరు."
ఇంకేమీ అడగలేదు, పాపం అనుకున్నాడేమో.
మాట మార్చడానికి, కొంచెం గర్వంగానే చెప్పాను:
ఈ జాతి పక్షుల్ని ప్రపంచమంతా మన మాటతోనే పిలుస్తారు,
మలేషియాలో, ఆస్ట్రేలియాలో,
లావుపాటి పుస్తకాల్లో కూడా
పిట్ట అనే రాస్తారు, తెలుసా?

పొయ్యిలోకి పనికొస్తుందని
ఖాళీ పెట్టె చింపుతున్నాడు.
తల ఎత్తకుండానే అన్నాడు:
"పిట్టని పిట్టనక
మరేటంతారు?"